రేకుల బడి, పసుప్పచ్చ దూది

మొన్న కర్నూలులో మావాడి బడికి కొత్త గదులు కడుతుంటే చూడ్డానికి పోయాను. గోడలకు బయటివైపు తళతళలాడే జింకు రేకులు బిగిస్తున్నారు. పక్కన చుట్టలుగా పడున్న పసుప్పచ్చ దూదిని ఊరికే తాకానో లేదో, అరచెయ్యంతా ఒకటే దురద. ఆ దురద నాకు కొత్తది కాదు.

"అది గాజు దూదక్కా, ముట్టుకోవద్దు. రేకు వెనకాల పరుస్తాం. లేకుంటే పిల్లోళ్లు లోపల ఉడికిపోతారు" అన్నాడు మేస్త్రి.

వేంపల్లె దగ్గర మా ఊరి బడి నా చిన్నప్పుడు మట్టిమిద్దె. వానలకు మిద్దె కారకుండా ముందే ఇంటికొక గంప చౌడుమట్టి తెచ్చి మిద్దె మీద పరిచేవాళ్లు. ముక్కుల్లో దూరే ఆ దుమ్ము, పెద్దవాళ్ల కేకలు, చివర్లో దోసిట్లో పోసే బెల్లమూ శనగపప్పూ, తొక్కే వంకతో మేమాడే కుంటాట, అదంతా మాకు పండగే. ఎంత ఎండలోనైనా లోపల నాపబండల మీద బోర్లా పడుకుంటే పొట్ట చల్లగా ఉండేది.

నేను నాలుగులో ఉన్నప్పుడు మిద్దె పడగొట్టి రేకుల బడి కట్టారు, గోడలకూ కప్పుకూ రేకులే. పని చేయించింది ఊరి పెద్దయిన మా నాయన. "ఇంక చౌడు మోసే పని లేదప్పా, మనది వెండిబడి అయితాది" అంటే ఊరంతా నమ్మింది. నేనైతే సంతోషంతో ఎగిరి గంతులేశాను. తీరా ఎండలు ముదిరాక బడిలో పెనం మీద కూర్చున్నట్టుండేది. నా పక్కన కూర్చునే హుసేన్‌బీకి మూడుసార్లు ముక్కులోంచి రక్తం కారింది.

"నాయనా, బడి కాలిపోతాంది" అని ఏడిస్తే, "ఎండాకాలం కాలక ఏం చేస్తాది పాపా" అని నవ్వాడు. హుసేన్‌బీని వాళ్లమ్మ బడి మాన్పించింది.

అదే వేసవిలో మా ఇంట్లో నేను పడుకునే రేకుల గదికి, కప్పు కింద పసుప్పచ్చ పరుపులేవో పెట్టించి నాయన చెక్కలు కొట్టించాడు. తాకితే ఒళ్లంతా దురద పెట్టింది, అమ్మ కొబ్బరినూనె రాసింది. గది మాత్రం చల్లబడింది.

మొన్న కర్నూలు బడి నుంచి ఇంటికొచ్చి నాయనకు ఫోన్ చేశాను. "బడి రేకులకు వేయాల్సిన దూది మనింట్లోకి ఎట్లొచ్చింది నాయనా?"

"నువ్వు ఎండకు తాళలేకుంటివి. నీ కోసమే గదా పాపా" అన్నాడు.

చేసిన మోసాన్ని నా నెత్తినే పెట్టాడు. ఇన్నేళ్లు ఆయన్ను దేవుడనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఊళ్లో ఇప్పుడు మట్టిమిద్దె ఒక్కటీ లేదు, చౌడు గంపలెత్తే రోజూ లేదు. ఆ చల్లటి గదిలో కూర్చుని నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. హుసేన్‌బీ చదువు నాలుగుతోనే ఆగిపోయింది.