అందరూ జూన్‌లోనే

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో, పెద్దవాళ్లకి సాయంత్రాలు పాఠాలు చెప్పే కాలేజీలో కౌసల్య కంప్యూటర్ కోర్సులో చేరింది. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులతో డేటాబేస్ చేసి తెమ్మన్నారు. తనూ, మొగుడూ, ఇద్దరు అన్నయ్యలూ జూన్‌లోనే పుట్టినట్టు పాస్‌పోర్టుల్లో ఉంది, అలాగే ఎక్కించింది.

"కల్పించినవి వద్దు, నిజమైనవి కావాలి," అన్నారు కంప్యూటర్ నేర్పే జర్మన్ మాస్టారు.

"నిజమేనండీ. మా దగ్గర బడులు జూన్‌లో తెరుస్తారు. చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరుగారే ఓ తేదీ వేసేశారు."

"మరి అసలు మీరెప్పుడు పుట్టారు?"

"అట్లతద్ది నాడు. అది ఏటా ఒకే తేదీకి రాదండీ."

మాస్టారు ఆ సంగతి కంప్యూటర్‌కి ఎక్కించాలని చాలాసేపు తంటాలు పడ్డారు. అది ఒప్పుకోలేదు.

"జూన్‌దే ఉంచండి," అన్నారు చివరికి.

కౌసల్య ఉంచేసింది. హెడ్మాస్టరుగారు పోయి చాలా ఏళ్లయింది, అయినా ఆయన మాటే చెల్లుతోంది.