మార్పు మావయ్య, మూలనున్న మెషీను

మావయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా ఒకే పనిలో ఐదు నిమిషాలకు మించి ఉంటే చూడలేడు. "లే లే, మార్పు!" అంటూ వాళ్ళను లేపి తను కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. డ్యూటీ మార్చుకునే అలవాటును స్టీరింగుతో పాటు డిపోలో అప్పజెప్పి రావలసింది, వెంట తెచ్చుకున్నాడు.

ఒకసారి క్షవరానికి వెళ్ళి, సగం తల అయ్యాక, వెనక బెంచీ మీదాయన ఆవులించాడని కుర్చీ దిగిపోయాడు. "పాపం, ముందు ఆయనది కానివ్వండి" అన్నాడు. తర్వాత ఇంకొకాయన ఆవులించాడు. షాపు కట్టేసే వేళకు మావయ్య ఎడమవైపు నున్నగా, కుడివైపు గుబురుగా ఇల్లు చేరాడు. అత్తయ్య తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేసింది.

ఆవిడతో పోట్లాటలోనూ అంతే. ఆవిడ గొంతు కాస్త బొంగురుపోతే చాలు. "అలిసిపోయావు. ఇప్పుడు నువ్వు నా పక్క మాట్లాడు, నేను నీ పక్క మాట్లాడతా" అని తనను తనే చెడామడా తిట్టుకునేవాడు. "ఈయనతో గెలవనూ లేను, ఓడనూ లేను!" అని ఆవిడ, మావయ్య మేనకోడలి దగ్గర తల బాదుకునేది.

ఆ మేనకోడలికి వాచీలు బాగుచేసే చిన్న షాపు ఉంది. పక్కనే వీడియో గేమ్స్ పార్లర్. అక్కడ మూలనున్న ఫైటింగ్ మెషీనంటే మేనమామకూ మేనకోడలికీ ప్రాణం. వేరే వేరే ఆటల్లో ఎవరి లోకంలో వాళ్ళు తన్నుకుంటూ బతికే వస్తాదులందరినీ పట్టుకొచ్చి ఒకే తెర మీద పడేసిన ఆట అది. గొడుగుతో బాదే యువరాణి, తుప్పుపట్టిన రోబో, నిప్పులు కక్కే పంది, అందరూ ఒక్కచోటే. జట్టుకు ముగ్గురు. ఒకరు కొట్లాడుతుంటే ఇద్దరు తెర బయట ఉంటారు. ఒక బటన్ నొక్కితే బయటివాడు ఎగిరొచ్చి ఒక్కటిచ్చి పోతాడు. రెండు బటన్లు కలిపి నొక్కితే లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి. బయటున్నవాడికి పోయిన ప్రాణం కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది.

ఈ చివరి సంగతి తెలిసిన రోజు మావయ్య ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా అమ్మడూ! ఈ ఆట చేసినవాడెవడో గానీ మన మనిషే!"

ఇక చూస్కోండి. ఎదుటివాణ్ణి గాల్లోకి లేపి, వెంట ఎగిరి, ఆకుపచ్చ మెరుపులతో ముప్పై దెబ్బలు వరసపెట్టి వెయ్యగలిగే యువరాణిని, మూడో దెబ్బకే పిలిచేసేవాడు. "చాలు తల్లీ, నువ్వు కూర్చో. తుప్పోడొస్తాడు." అది చాలదన్నట్టు అవతలివాళ్ళకు కూడా సలహాలు. "బాబూ, మీ పంది నీరసపడింది. మార్చుకోండి!"

"ఎవరి పక్క ఆడుతున్నావు మావయ్యా?" అని ఆమె నెత్తి కొట్టుకునేది.

ఆ రోజుల్లోనే ఆమెకు ఒక భయం పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు ఉండుండి మొద్దుబారుతున్నాయి. ఆవగింజలో సగం ఉండే స్క్రూ పట్టకారులోంచి జారి ఎటో పోతోంది. వాచీల పనికి చెయ్యే సర్వస్వం. అది పోతే ఇంకేం చేసుకు బతకాలి? డాక్టరు ఏమంటాడోనన్న భయంతో వెళ్ళలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సరిగ్గా అప్పుడే మావయ్య షాపు మీద కూడా పడ్డాడు. గంటకోసారి వచ్చి, "లే, మార్పు!" అని ఆమెను లేపి, తను కూర్చుని గోడగడియారాలకు కీ ఇచ్చేవాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో పార్లర్‌లో పోటీ పెట్టారు. జంటగా ఆడాలి. ఆట మధ్యలో జంటలో ఎవరైనా బటన్ల దగ్గరికి రావచ్చు. ఫైనల్లో వీళ్ళతో తలపడింది తాళాలు చేసే ఆయన, ఆయన భార్య. వాళ్ళ పందికి గోరంత ప్రాణం మిగిలింది. ఇటు యువరాణికి మహాదెబ్బ సిద్ధంగా ఉంది. మేనకోడలు బటన్ నొక్కబోయింది.

"మార్పు!"

మావయ్య ఆమెను స్టూలు మీంచి పక్కకు నెట్టి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ యువరాణిని కూడా మార్చేశాడు. తుప్పోడు తాపీగా దిగాడు. పంది వాణ్ణి గాల్లోకి లేపి, కింద పడనివ్వకుండా వాయించింది. ఆట అయిపోయింది.

"ఏం చేశావు మావయ్యా! గెలిచే ఆట! నా చేతికేం కాలేదు, బాగానే ఉంది!" అని ఆమె అరిచేసింది.

"చేతి సంగతి నేనెక్కడ ఎత్తానే?" అన్నాడు మావయ్య నెమ్మదిగా.

ఆమె కుడిచెయ్యి గబుక్కున వెనక్కి దాచుకుంది.

"నెల్నాళ్ళుగా చూస్తున్నా. ఒక్కసారి నొక్కాల్సిన బటన్ మూడుసార్లు నొక్కుతున్నావు. ఇందాక వేళ్ళు కొంకర్లు పోయాయి. అడిగితే లేదంటావు, మొండిదానివి. అందుకే ఏదో వంకన ఆ చేతికి కాస్త విశ్రాంతి ఇద్దామని." జేబులోంచి చీటీ తీశాడు. "రేపు పదింటికి డాక్టరు. ఆస్పత్రి కౌంటరమ్మను బతిమాలి నీ పేరు రాయించాను."

మర్నాడు డాక్టరు చెయ్యి వంచి, తట్టి, ఏవో తీగలు పెట్టి చూశాడు. "మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది. తొందరగానే వచ్చారు. మధ్యమధ్య విశ్రాంతి ఇచ్చినట్టున్నారు, అది మేలు చేసింది. పట్టీ వేసుకుని ఆరు వారాలు పని మానండి. మామూలైపోతుంది."

"మామూలైపోతుందా? నిజంగా?" అని ఆమె నాలుగుసార్లు అడిగింది. డాక్టరు నాలుగుసార్లూ అవునన్నాడు. నెల రోజులుగా గుండెల మీదున్న బరువు దిగి, ఆమె ఏడుస్తూ నవ్వుతూ బయటికొచ్చింది. మావయ్య తన కుర్చీ ఎవరికో ఇచ్చేసి గోడకు జేరబడి ఉన్నాడు. విషయం వినగానే, "నరమేనటండీ! అంతేనట!" అని ముక్కూమొహం తెలియని రోగులందరికీ చాటాడు.

కౌంటరమ్మ పిలిచింది. "మోకాలి పెద్దాయనా! మీ వంతు ఈ అమ్మాయికిచ్చారుగా, మీకు మళ్ళీ వచ్చే నెలే!"

మేనకోడలు ఆయన కాలు వంక చూసింది. ఇన్నాళ్ళూ ఆ కాలుతో గంటకోసారి తన షాపు మెట్లెక్కాడన్న సంగతి అప్పుడు తట్టింది. ఎడమచేత్తో ఆయన్ని పొదివి పట్టుకుంది. దారిలో కనబడిన ప్రతి అరుగు మీదా ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. పది నిమిషాల దారి గంట పట్టింది. ఆమెకు ఏ తొందరా లేదు.