చెప్పి వెళ్లమన్న టీచరమ్మ

మా పాప చదివే చర్చి బడి టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున్న చనిపోయారు. టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. ఇన్నాళ్లయినా నేనింకా ‘అట’ అనే అంటున్నాను, నమ్మబుద్ధి కాక. ముందురోజు సాయంత్రమే తల్లుల వాట్సాప్ గ్రూపులో ఆవిడ గొంతు విన్నాను. “రేపు పిల్లల సేత ఒక్కో ఆకు పంపండమ్మా. ఏ ఆకైనా పర్లేదు, పెరట్లోది సాలు.” మా పాప జీడిమామిడి ఆకు ఒకటి ఏరి సంచిలో పెట్టుకుంది. తెల్లారాక చూస్తే ఆ మాట కిందే ఆవిడ చావు కబురు. కుట్టుమిషను ముందు కూర్చుని ఫోన్లో ఆ రెండింటినీ పైకీ కిందకీ జరుపుతూనే ఉండిపోయాను.

నిజం చెప్పొద్దూ, ఏడుపు కన్నా ముందు నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను.

మాది గరివిడి పక్కన పల్లె, వరీ గోగూ వేసుకునే ఇల్లు. పూజగది ఉన్న ఇంటి పిల్లని చర్చి బడికి పంపడమేమిటని మావాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నేనూ మెత్తదాన్నేం కాదు. చేర్పించడానికి వెళ్లినరోజు మొహం మీదే అడిగేశాను, మా పాపని మీ మతంలో కలిపేసుకుంటారా అని.

ఆవిడ నొచ్చుకోలేదు. “మేం ఏటి సేస్తామో సెప్తాను, ఇనండి. అన్నం ముందు కళ్లు మూయించి ప్రార్థన సేయిస్తాం. యేసయ్య కథలు సెప్తాం. క్రిస్మస్‌కి గొర్రెపిల్ల ఏషం ఏయిస్తాం. ఇంటికాడ మీ దేవుడికి దండం పెట్టొద్దని మాత్రం ఎప్పుడూ సెప్పం. ఆలోసించుకుని సేర్పించండి.”

“మరి అక్షరాలో?” అన్నాను.

“ఈ ఏడు రావు. కుదురుగా కూసోడం వస్తాది. పక్కోళ్లకి పెట్టి తినడం వస్తాది. ఏడుపెందుకొచ్చిందో నోటితో సెప్పడం వస్తాది. అయన్నీ వచ్చేక ఏబీసీడీలు ఎక్కడికి పోతాయమ్మా?”

అంతకుముందు నేను తిరిగిన బళ్లన్నీ అన్నీ వచ్చేస్తాయన్నవే. రావని చెప్పిన మనిషి ఈవిడొక్కరే. ఆ మాటకే పాపని చేర్పించేశాను.

ఆ బడిలో తల్లిదండ్రులకి ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. పిల్లల కళ్లుగప్పి జారుకోకూడదు. వెళ్తున్నానని చెప్పాలి, ఎప్పుడొస్తామో చెప్పాలి, చెప్పిన వేళకి రావాలి. గడియారం తెలియని పిల్లలు కదా, వాళ్లకి తెలిసిన లెక్కలోనే చెప్పాలి: ‘అన్నం తిని, పడుకుని లేచాక వస్తాను.’

మొదటిరోజు మా అత్తగారు పాపని బొమ్మల ముందు కూర్చోబెట్టి మెల్లగా గేటు దాటేశారు. టీచరమ్మ చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదకి పరిగెత్తి వెనక్కి పట్టుకొచ్చారు.

“దొంగలా ఎల్లిపోతే ఎలా పెద్దమ్మా? రేపట్నుంచి మీరు పక్కన కూసున్నా అది నమ్మదు. సెప్పి ఎల్లండి.”

“సెప్తే ఏడుస్తాది కదేటమ్మా!”

“ఏడవనీండి. ఏడిస్తే నేనున్నాను.”

పాప ఊరంతా వినపడేలా ఏడ్చింది. మా అత్తగారు దారి పొడవునా టీచరమ్మని తిట్టుకుంటూ ఇంటికొచ్చారు. ఆ డిసెంబరులో క్రిస్మస్ నాటకానికి మాత్రం అందరికన్నా ముందు వరసలో కూర్చున్నది ఆవిడే. గొర్రెపిల్ల వేషంలో ఉన్న మనవరాలి బుగ్గన ఇంత కాటుకతో దిష్టిచుక్క కూడా పెట్టారు. చర్చిలో ఏమంటారోనని నేను బిక్కచచ్చిపోతుంటే, టీచరమ్మ ఆ చుక్క చూసి నవ్వి, “మంచి పని సేసేరు పెద్దమ్మా, మా గొర్రెపిల్ల ముద్దుగానే ఉన్నాది” అన్నారు.

టీచరమ్మ ఎప్పుడూ పిల్లలతో నేల మీదే కూర్చునేవారు. లేచేటప్పుడు మోకాళ్లు టక్కుమనేవి, పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆవిడ సినిమా హీరోయిన్‌లా నడుం వంచి దండం పెట్టేవారు. ఇంట్లో నేను చాప మీంచి లేచినా పాప చప్పట్లు కొడుతుంది.

అలాంటి మనిషి, లోకాన్నంతా చెప్పి వెళ్లమన్న మనిషి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారు. నా కోపం అదీ.

“ఒసే, సంటిదానికి సెప్పకు. ఊరెల్లిందని సెప్పు” అని అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ మంగళవారమంతా నేనూ అదే చెప్పాలనుకున్నాను. పాప సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి, “టీచర్ ఊరి నుంచి ఎప్పుడొస్తాది?” అని అడిగితే ఏ వేళ చెప్పను? చెప్పిన వేళకి ఎవర్ని తీసుకురాను? ఒళ్లో కూర్చోబెట్టుకుని, టీచర్ చనిపోయారని చెప్పేశాను.

“అన్నం తిన్నాక కూడా రాదా?”

“రారమ్మా.”

“పడుకుని లేచాక?”

“రారు.”

అది ఏడ్చింది. ఏడిస్తే నేనున్నానన్నట్టు గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న చర్చి ఆవరణలో టీచరమ్మ ఉన్న పెట్టె మూత తీసి ఉంచారు. పాపని ఎత్తుకుని చూపించాను. భయపడుతుందనుకున్నాను. కాసేపు చూసి, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పింది. “టీచర్, ఆకు ఇంటికాడ మర్సిపోయాను. అన్నం తిని, పడుకుని లేచాక తెస్తాను.”

చుట్టూ ఉన్న తల్లులు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

ఇంటికొచ్చి అది అన్నం తింది, పడుకుంది. లేచి సంచి వెతుక్కుని, “పద” అంది. అత్తగారే ముందు చెప్పులేసుకున్నారు.

మేం సమాధుల తోటకి వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. మట్టి ఇంకా తడిగా ఉంది, మీద దండలున్నాయి. పాప ఎండిపోయిన జీడిమామిడి ఆకు తీసి మట్టి మీద పెట్టింది. గాలికి ఎగిరింది. పరిగెత్తి తెచ్చి మళ్లీ పెట్టి, మీద చిన్న రాయి ఉంచింది.

“ఎల్తన్నాను టీచర్” అంది.

ఎప్పుడొస్తుందో మాత్రం ఈసారి చెప్పలేదు.