సలోమి చెప్పలేకపోయిన సాక్ష్యం

2016 ఫిబ్రవరిలో, నేను పనిచేస్తున్న మిషన్ ఆసుపత్రివారు నన్ను పర్చూరు శాఖకు కౌన్సెలరుగా నియమించారు. మంగళ, శుక్రవారాల్లో ఒంగోలు నుంచి వెళ్ళి అక్కడ కూర్చోవాలి. అంతకు మునుపు పదహారేళ్ళు అదే సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అంకె చూడనిదే ఏ మాటా నమ్మని అలవాటు అక్కడే అబ్బింది. కౌన్సెలింగ్ శిక్షణ తరువాత కూడా అది పోలేదు.

మాకిచ్చిన గది పాత మందుల స్టోరు. ఆ రోజుల్లో చుట్టుపక్కల కళ్లాల్లో మిరపకాయలు ఎండుతుండేవి. కిటికీ తీస్తే ఘాటు, మూస్తే ఉక్కపోత. ఎంత దుఃఖంతో వచ్చినవారైనా ముందు తుమ్మి, ఆ తరువాతే మాట మొదలుపెట్టేవారు. ఇంట్లో పోపులో మిరపకాయ మాడితే నాకు ఇప్పటికీ ఆ గదే గుర్తుకు వస్తుంది.

విశ్వాసాన్నీ మానసిక సంరక్షణనూ కలిపి చేసే ఈ పనికి నియమాలుండేవి. వచ్చిన మనిషికి తలుపు కనిపించే కుర్చీ ఇవ్వాలి. ప్రార్థన కావాలో వద్దో అడగాలి. అనుమతి లేకుండా తలమీద చెయ్యి ఉంచకూడదు. కళ్ళు మూసుకోమనకూడదు, ఎందుకంటే ఘోరం చూసినవారికి కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది. నిద్రా ఆకలీ కుదుటపడకపోతే గుంటూరులోని మానసిక వైద్యుని దగ్గరకు పంపాలి. మందు చేయాల్సిన పనిని ప్రార్థనకు అప్పగించవద్దని ఆయన మాకు పదేపదే చెప్పేవారు.

మార్చిలో ఒక శుక్రవారం, దగ్గరి పల్లె సంఘ కాపరి, అంటే పాస్టరు, దేవదానం గారు సలోమి అనే యువతిని వెంటబెట్టుకుని వచ్చారు. కిందటేడు కోతలప్పుడు కూలీల ఆటో ఒకటి కాలువలో పల్టీ కొట్టింది. సలోమి బతికింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు కరుణ చనిపోయింది.

దేవుడు తనకు చేసిన మేలును విశ్వాసి సంఘం ఎదుట నిలబడి చెప్పడాన్ని మేము సాక్ష్యం అంటాము. అది చెప్పేవారికి గౌరవం. సలోమి చేత గృహకూడికల్లోనూ ఆదివారం ఆరాధనల్లోనూ పొరుగూళ్ళలోనూ సాక్ష్యం చెప్పించారు. ఏప్రిల్‌లో జరగబోయే పెద్ద ప్రార్థన సభల, అంటే ఉజ్జీవ కూటాల, గోడపత్రికల మీద ఆమె పేరు కూడా వేశారు. అవి అంటించిన వారంలోనే ఆమె గొంతు పోయింది, గుసగుస మాత్రమే మిగిలింది. గొంతులో లోపమేమీ లేదని చెవి, ముక్కు, గొంతు వైద్యుడు రాసిచ్చారు.

“సార్, కూటాలకి నెల కూడా లేదండి. ఎట్టాగైనా గొంతు తెప్పించండి,” అన్నారు దేవదానం గారు. ఆయన మంచి మనిషి. ప్రమాదం జరిగిన రోజున కాలువలోకి మొదట దూకింది ఆయనే.

కాలువ సంగతి చెప్పమని నేను సలోమిని అడగలేదు. గాయాన్ని విప్పి చూడటం మా పద్ధతి కాదు. పాదాలు నేలకు ఆనించి, కిటికీలోంచి కనిపించే వస్తువుల పేర్లు చెప్పమనేవాణ్ణి. దానివల్ల మనసు ఆ రోజును విడిచి ఈ రోజులోకి వస్తుంది. బాధ సున్నా నుంచి పదిలో ఎంత ఉందని కూడా అడిగేవాణ్ణి.

“ఇక్కడ మూడండి,” అంది ఆమె గుసగుసగా. “మైకు పట్టుకుంటే... పదికి పైన అంకెలుండవా అండి?”

సాక్ష్యంలో ఏ మాట దగ్గర అంత పెరుగుతుందని అడిగాను. మూడోసారి వచ్చినప్పుడు జవాబు చెప్పింది.

“దేవుడు నన్ను కాపాడాడు అనే కాడండి. కరుణోళ్ళమ్మ, ఏస్తేరమ్మ పిన్ని, ఎదురుగానే కూర్చుంటది. అందరికంటే ముందు ఆమె ఆమెన్ అంటదండి. నన్ను కాపాడితే మరి కరుణనేం చేసినట్టు?”

“నాకూ తెలియదమ్మా,” అన్నాను. ఏం చేయాలనుందని అడిగితే, పిన్ని గడప తొక్కి ఏడాదైందని, ఒకసారి వెళ్ళాలని ఉందని చెప్పింది.

ఆమె అనుమతితోనే దేవదానం గారితో మాట్లాడి, కూటాల నుంచి ఆమె పేరు తీసేయమన్నాను.

“పత్రికలు అంటించేశామండి! దేవుడు చేసిన మేలు దాచిపెట్టమంటారా?” అన్నారాయన.

దాచమనడం లేదని, ఆ మేలు విని ఆమెన్ అంటున్న తల్లి ముఖం ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

“అప్పుడు నేను కళ్ళు మూసుకుని ఉంటానండీ,” అన్నారాయన.

సలోమి తోడు రమ్మంటే వెళ్ళాను. ఏస్తేరమ్మ ఇంటిముందు టార్పాలిన్ పట్టా మీద కూర్చుని, మిరపకాయల రాశిలోంచి రంగు మారిన తాలుకాయలు ఏరుతోంది.

“ఏమే, గొంతు పోయిందంటగా? ఊరూరా మైకు పట్టుకు తిరిగితే పోదా మరి!” అంది తలెత్తకుండానే.

సలోమి పక్కన కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏస్తేరమ్మే మళ్ళీ అంది: “ఏడాది నుంచీ వింటన్నా. దేవుడు నిన్నెట్టా తీశాడో నాకు నోటికొచ్చు. నా పిల్ల ఆఖర్న ఏమందో ఒక్కనాడన్నా చెప్పావటే?”

“కూరలో ఉప్పు లేదంది పిన్నీ,” అని గుసగుసగా చెప్పింది సలోమి. “ఆటోలో క్యారేజీ మూత తీసి వేలు నాకింది. మా అమ్మకి ముసలితనం వచ్చేసిందే, ఉప్పు మర్చిపోయింది, నీ పచ్చడి నాకియ్యి అని ఒకటే నవ్వు. నవ్వుతానే ఉంది.”

ఏస్తేరమ్మ చేతులు ఆగిపోయాయి. “నేను ఉప్పు మర్చిపోవడమేందే! వేశా! ఈ చేత్తోనే వేశా!”

“లేదు పిన్నీ. నేనూ నాకి చూశా. చప్పగా ఉంది!”

ఆ మాట గుసగుసగా రాలేదు. నిండు గొంతుతో వచ్చింది. ఏస్తేరమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది. సలోమిని దగ్గరకు లాక్కుంది. నేను లేచి పట్టా అవతలి కొసకు వెళ్ళి నిలబడ్డాను.

ఆ రోజుతో నయమైందని నేను కేసు ఫైలులో రాయలేదు. మరుసటి మంగళవారం ఆమె మాటలో సగం ఇంకా గుసగుసే. నిద్ర కోసం గుంటూరు వైద్యుని మందులు కొన్ని నెలలు వాడింది. ఆటో ఎక్కడానికి మరుసటి ఏడాది కోతల దాకా పట్టింది. గోడపత్రికల మీద ఆమె పేరు ఉన్నచోటల్లా దేవదానం గారే స్వయంగా తెల్లకాగితం అంటించారు. కూటాల్లో ఆమె ఏస్తేరమ్మ పక్కన కూర్చుంది.

2021లో పదవీ విరమణ చేసేవరకు, కొత్తగా చేరిన కౌన్సెలర్లకు మొదటిరోజు నేను చెప్పింది ఈ కేసు గురించే. ప్రాణాలతో బయటపడిన మనిషిని సభ ముందు నిలబెట్టే ముందు, ఆ మనిషి నోట ఏ మాట కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో కనుక్కోవాలి. అది ముందు వారికి చేరాలి. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది ఆ తరువాత ఆ మనిషే నిర్ణయించుకోవాలి.