గడ్డమున్న పెట్ట

2022లో తెలుక్ ఇంటాన్ బజారులోని మా కోళ్ల దుకాణానికి పైడమ్మ పిన్ని వచ్చింది. ఎస్టేటులో పనిచేసి మానేసిన మనిషి. భర్త పోయి ఏడాది. ఆయన పెంచిన టర్కీ పుంజు కూడా ఆ నెలలోనే పోయిందట.

"ఆయన గేటు బయట బండి స్టార్ట్ సేసీసరికి అది గడగడమని కూసీది. అది యినబడితే ఆయన ఎల్లినాడని తెలిసీది. నాకు పుంజే కావాల, నాయనా."

ఏడు నెలల పక్షిని చూపించాను. రొమ్ము మీద గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు ఉంది. మా వ్యాపారంలో దాన్ని బియర్డ్ అంటాం, గడ్డమన్నమాట.

"గడ్డముంది కదా పిన్నీ, ఇంకేటి అనుమానం? కోళ్ల గంపల మజ్జన పెరిగినోణ్ణి లా," అన్నాను, ఈ దేశంలో మాట చివర అందరూ తగిలించే ఊతపదంతో సహా.

ఆమె ధర తగ్గించమంది. నేను పిసరంత దిగి, గెలిచానని సంబరపడ్డాను.

మూడు నెలల తర్వాత వచ్చి కౌంటర్ మీద ఒక గుడ్డు పెట్టింది.

"నీ పుంజు పెట్టినాది."

కొన్ని పెట్టలకూ గడ్డం వస్తుంది. అడవి టర్కీలున్న దేశాల్లో వసంతకాలపు వేట సీజన్‌లో కొన్నిచోట్ల పుంజుల్నే కొట్టాలి. గడ్డం చూసి తుపాకీ ఎత్తిన వేటగాళ్లూ ఇలాగే మోసపోతారట. వాళ్లు దూరం నుంచి చూస్తారు, నేను చేత్తో పట్టుకుని చూశాను. చూడాల్సినవి స్నూడ్, అంటే ముక్కు మీంచి వేలాడే కండ, ఇంకా కాలి ముల్లు. పుంజుకు ఆ రెండూ పెద్దవని నాకు తెలుసు. బేరంలో పడి చూడలేదు.

మర్నాడే అసలైన పుంజును గంపలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పిన్ని భర్త మోటర్‌సైకిల్‌ను తనే స్టార్ట్ చేసింది. పుంజు కూసింది. ఆమె కాసేపు విని ఇంజిన్ ఆపేసింది.

"బాగానే కూసినాది. కానీ అలగ లేదు."

"గొంతు వేరేనా?"

"గొంతు కాదు లా. నానెప్పుడూ వంటింట్లోంచి యినీదాన్ని."

ఆమె లోపలికి వెళ్లింది. గిన్నె చప్పుడు వినిపించాక గేటు బయటికెళ్లి నా బండి స్టార్ట్ చేశాను. పుంజు గడగడలాడింది. లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది.

చాలాసేపటికి వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. "ఇంకోపాలి బండి స్టార్ట్ సెయ్యి, నాయనా."

ఇప్పుడు స్నూడ్, ముల్లు చూడకుండా టర్కీని అమ్మను. కొనేవాళ్లు ఎందుకు కొంటున్నారో చెబితే ఆఖరు వరకూ విన్నాకే ధర మాట్లాడుతున్నాను. పిన్ని మొదటి రోజే అంతా చెప్పింది, నేను సగమే విన్నాను. దుకాణానికి వాళ్లింటి మీదుగా వెళ్లడం చుట్టు దారి. అయినా పొద్దున్నే ఆమె గేటు దగ్గర ఒకసారి బండి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి వెళ్తాను.