హాజీ మీలూద్ పంజరం

మరాకేష్ సంతలో మూలికలమ్మే హాజీ మీలూద్ కొట్టు తీయగానే ముందు పంజరం చూస్తాడు, ఆ తర్వాతే స్టూలు మీద చతికిలబడి మోకాళ్లు రుద్దుకుంటాడు. ఒకప్పుడు అందులో పది ఊసరవెల్లులు ఒకదాని మీదొకటి పాకుతుండేవి. ఈ ఏడు ఒక్కటే వచ్చింది, తోక కొస తెగినది, గుడ్లతో పొట్ట ఉబ్బినది. బతికున్న ఊసరవెల్లిని నిప్పుల్లో వేస్తే దిష్టి పోతుందని ఆడవాళ్ల నమ్మకం. నలభై ఏళ్లుగా ఆ నమ్మకమే అతనికి రొట్టె పెట్టింది.

ఓ రోజు లల్లా తామో అనే ఆవిడ వచ్చి, "మనవరాలు ఒకటే ఏడుపు హాజీ, దాన్నియ్యి" అంది.

"అది అమ్ముడైపోయిందమ్మా. పటిక తీసుకెళ్లు, నిప్పుల్లో అదీ చిటపటమంటుంది."

"ముసలాడివయ్యాక జాలి పుట్టుకొచ్చిందే!" అని దెప్పి, పటికే పట్టుకుపోయింది. ఆ మధ్యాహ్నమే హాజీ బస్సెక్కి, ఊరవతల బ్రహ్మజెముడు కంచె మీద దాన్ని వదిలాడు. అది అతని వేలు వదలడానికే చాలాసేపు పట్టింది.

వారం తిరిగేసరికి, ఎప్పుడూ ఊసరవెల్లులు పట్టి తెచ్చే రైతు బీహి వచ్చి సంచి విప్పాడు. "కంచెలన్నీ గాలిస్తే ఇదొక్కటే దొరికింది హాజీ. చిక్కుళ్లు మిడతల పాలయ్యాయి, ఇదన్నా కొను."

"మిడతల్ని తినేదాన్ని సంచిలో కుక్కి, మిడతలని ఏడుస్తావేంరా?"

తోక కొస తెగి ఉంది. పొట్ట అణిగిపోయింది.

"ఎక్కడ పట్టావు?"

"బ్రహ్మజెముడు కింద, ఇది గుంట తవ్వి పూడుస్తుంటే. ఆ కంచె రేపు పీకేస్తున్నారులే, రోడ్డు పడుతోంది."

హాజీ మోకాళ్లు ఇంకోసారి రుద్దుకుని లేచాడు. "గుడ్లక్కడే ఉంటాయి. ఆ గుంట చూపిద్దువుగాని, పద" అంటూ పంజరం చంకన పెట్టుకుని కొట్టు మూశాడు.