మా మరిది సాక్ష్యం

మా మరిది సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో నలుగురికీ చెప్పుకోవడానికి, లేచాడంటే నాకు రోత. నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. రక్తం, చీము, వాంతి అంటిన దుప్పట్లను రోజూ చేత్తో ఎత్తి మిషన్లో వేస్తాను, ముక్కు కూడా మూసుకోను. అలాంటిదాన్ని, ఆదివారం ప్రార్థన మందిరంలో అతను గొంతు సవరించుకోగానే కిటికీ వైపు జరిగి కూర్చుంటాను.

అతను నా చెల్లెలి మొగుడు. సోఫాలు బాగుచేస్తాడు. బజారు చివర, మందు షాపు గోడకు ఆనుకుని అతని షాపు. జనం ఏళ్ళ తరబడి కూర్చుని కుంగదీసిన సోఫాల బట్ట చింపి, లోపల కుళ్ళిన స్పాంజి, వెంట్రుకలు, ఎలుక పెంటికలు అన్నీ బయటకు లాగి, కొత్త స్పాంజి నింపి మేకులు కొడతాడు. తొడుగులు ఇంట్లో మా చెల్లెలు కుడుతుంది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒకప్పుడు మాత్రం ఆ చేతులు పొద్దస్తమానం పక్క షాపు సీసాల మీదే ఉండేవి, ఇంటికొస్తే మా చెల్లెలి మీద ఉండేవి. అలాంటి ఓ సాయంత్రం కొట్టిన దెబ్బకు ఆమె చెవిలో ఏదో చిట్లింది. ఆ చెవి మళ్ళీ వినలేదు.

కొన్నాళ్ళకు తాగుడు మానేశాడు. నిజంగానే మానేశాడు, అందులో నాటకం లేదు. గోడ అవతల సీసాల చప్పుడు వినబడుతూనే ఉంటుంది, తల దించుకుని మేకులు కొట్టుకుంటాడు. ఊరికే పోస్తాను రమ్మని షాపువాడు వెక్కిరించినా కదల్లేదు. శోధనను అలా తట్టుకోవడం మాటలు కాదు. మొదటిసారి మందిరంలో లేచి, నాలుగు మాటలు చెప్పి, ఆపైన గొంతు రాక నిలబడిపోయినప్పుడు నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రోజు జనం స్తోత్రమన్నారు. ఆ స్తోత్రం రుచి మరిగాడు మహానుభావుడు. తర్వాతి నెల నాలుగు మాటలు పది నిమిషాలయ్యాయి. ఆ తర్వాత అన్నం పళ్ళెం ఎలా విసిరాడో వచ్చింది, జుట్టు ఎలా పట్టుకున్నాడో వచ్చింది. "ఇదిగో, ఈ చేత్తోనే!" అని అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు. చెవి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు, ఎక్కడ తగ్గించాలో బాగా తెలుసు. కూడిక అయ్యాక ఆడవాళ్ళు మా చెల్లెలి చుట్టూ మూగి చెవి తడుముతారు, అదేదో బజార్లో వంకాయ అయినట్టు. ఆమె జుట్టును రెండు చెవుల మీదికీ లాక్కుని నేల చూస్తుంది. మందిరంలో అతని పేరే సాక్ష్యం అన్న అయిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఈ మధ్య చివర్లో ఇంకో ముక్క తగిలించాడు. "దేవుడు నన్ను క్షమించాడు. నా భార్య మనసు మాత్రం ఇంకా కఠినంగానే ఉంది. ప్రార్థన చెయ్యండి." జనం కళ్ళు మూసుకుని మా చెల్లెలి కఠిన హృదయం కోసం ప్రార్థన చేశారు, ఆమె అక్కడే కూర్చుని ఉండగా. దెబ్బలు తిన్నది ఆమె, పాపి కూడా ఆమే అయింది. నాకైతే అతని మొహాన ఉమ్మేయాలనిపించింది.

ఇంతలో పెద్ద సభ ఒకటి వచ్చింది. మైదానంలో పందిరి, బయటినుంచి వచ్చే ప్రసంగీకులు. మా మరిది సాక్ష్యం పెట్టారు, పక్కన భార్య కూడా నిలబడాలన్నారు. ఆ మాట చెప్పడానికి పాస్టరుగారు ఇంటికొచ్చారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, నీ చెవి చూసి ఎంతమంది తాగుబోతులు మారతారో ఆలోచించు" అన్నారాయన, టీ ఊదుకుంటూ.

మా చెల్లెలు కుట్టుమిషను ఆపింది. "ఆయన తాగుడు సంగతి ఆయనిష్టం, చెప్పుకోమనండి అయ్యగారూ. నా ఒంటి సంగతి నాది. నేను రాను, నా మాట ఎత్తొద్దు."

"నా గొప్ప కోసమా చెప్పేది? దేవుని మహిమ కోసమేగా" అన్నాడు మరిది. లేచి ఆమె పక్కకు వచ్చి, సంతలో పశువును చూపించినట్టు, ఆమె జుట్టు పక్కకు తప్పించాడు. "ఇదిగో అయ్యగారూ, ఈ చెవే."

అది కుడి చెవి.

"అది కాదు, ఎడమది" అంది మా చెల్లెలు. గొంతులో కోపం కూడా లేదు.

అతని చెయ్యి ఆమె జుట్టులోనే ఉండిపోయింది. పాస్టరుగారు కప్పులోకి చూశారు, టీ అయిపోయింది. కప్పు కింద పెట్టి, "చూశావా, తాగుడు మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో. ఇది కూడా చెప్పవయ్యా, జనం గుండెలు కరిగిపోతాయి" అన్నారు. లాండ్రీలో ఏ మూటనూ అంత అసహ్యంగా చూసి ఉండను, ఆయన్ని అలా చూశాను.

మర్నాడు డ్యూటీ దిగి వస్తూ అతని షాపు ముందు ఆగాను. నాలుగు దులపకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. కడుపు చీల్చిన సోఫా ఒకటి మధ్యలో పడి ఉంది. దాని చట్రం మీద కూర్చుని ఉన్నాడు. గోడ అవతల ఎవరో పెద్దగా నవ్వుతున్నారు.

"కొట్టినప్పుడు తాగి ఉన్నావు, సరే. ఇన్నేళ్ళుగా తాగకుండానే ఉన్నావుగా. ఏ పక్క నుంచి పిలిస్తే పలుకుతుందో ఒక్కరోజు చూడలేదా?" అన్నాను.

"పలకదనే అనుకున్నాను వదినా."

"అంటే?"

చేతిలోని సుత్తి కింద పెట్టాడు. "క్షమించమని ఆమెను అడగలేదనుకుంటున్నారు మీరంతా. అడిగాను. ఎన్నోసార్లు అడిగాను. మొహం మీద అడిగే ధైర్యం లేక, పడుకున్నాక వెనక నుంచి మెల్లగా అడిగేవాణ్ణి. ఒత్తిగిలి పడుకుంటుందిగా, పైనున్న చెవి మంచిదే అనుకున్నాను. ఉలకదు, పలకదు. మనసు రాయి చేసుకుందనుకున్నాను."

మా చెల్లెలు ఎలా పడుకుంటుందో నాకు తెలుసు. వినపడే చెవిని దిండుకు నొక్కుకుని పడుకుంటుంది. అలాగైతే ఏ చప్పుడూ ఉండదు, హాయిగా ఉంటుందంటుంది. అంటే ఈ మనిషి ఇన్నాళ్ళూ తను పాడుచేసిన చెవికే క్షమాపణలు చెప్పుకున్నాడు. జవాబు రాలేదని మందిరమంతటి చేతా ఆమె కోసం ప్రార్థనలు చేయించాడు. జాలి వేసింది. ఆ జాలి నాకే రోత పుట్టించింది.

"వదినా, ఇది గనక సభలో చెబితే..." అని తలెత్తాడు.

అతని కళ్ళు వెలుగుతున్నాయి. పక్క షాపు సీసా కోసం ఒకప్పుడు అలాగే వెలిగేవి.

"చెప్పు. బాగా ఏడుస్తారు. మా చెల్లెల్ని మళ్ళీ కొట్టినట్టే అవుతుంది, ఈసారి అంతమందిలో" అని వచ్చేశాను.

సభకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. మా చెల్లెలు ఇంట్లో మిషను ముందు కూర్చుంది. "ఆయన నా మాట ఎత్తితే వచ్చి చెప్పక్కా. నీ గదిలో కాస్త చోటివ్వు, నా మిషను పట్టేంత చాలు" అంది. హాస్యానికి అనలేదు.

మధ్యాహ్నపు ఎండకు పందిరి కింద చెమట కంపు. అతన్ని పిలిచారు. ఎక్కాడు. తన తాగుడు సంగతి చెప్పాడు, మానేసిన సంగతి చెప్పాడు. జనం స్తోత్రమన్నారు, అయినా ఇంకా ఏదో రావాలని చూస్తున్నారు. పాస్టరుగారు ముందు వరసలో తలూపుతున్నారు. మా మరిది అరచెయ్యి లేచింది. "నా భార్య..." అన్నాడు, గొంతు తగ్గించి.

పందిరంతా చెవులు రిక్కించింది. నేను చెప్పులు వేసుకున్నాను.

చెయ్యి గాలిలో అలాగే చాలాసేపు ఉంది. పెదవులు తడుపుకున్నాడు. గుటక మింగాడు. తాగుడు మానేసిన మొదటి వారంలో అలాగే మింగేవాడు.

"నా భార్య ఇంటి దగ్గరుంది. నాకు ఆమెతో పనుంది" అని మైకు ఇచ్చేసి దిగిపోయాడు. ఆమేన్ అనాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో కుర్చీ జరిపి, "ఇంతేనా" అన్నారు.

నేను వెనకాలే నడిచాను. మందు షాపు ముందు నుంచి తల తిప్పకుండా పోయాడు. ఇంట్లోకి వెళ్ళి, మిషను చుట్టూ తిరిగి, ఆమె కుడిపక్కన నేల మీద మోకాళ్ళూనాడు. నేను గుమ్మంలోనే ఆగాను. గట్టిగా మాట్లాడాడు, నాకూ వినబడింది. దేవుడి పేరు తేలేదు, తాగుడి మీదికి నెట్టలేదు. "నేను కొట్టాను. నీ చెవి పాడుచేశాను. అది ఏ చెవో కూడా గుర్తుపెట్టుకోలేదు. నీ బాధను ఊరంతా తిప్పి అమ్ముకున్నాను. నన్ను క్షమించు. ఇంతకు ముందూ అడిగానుగానీ, నీకు వినపడలేదు."

మా చెల్లెలు తొడుగు అంచు మడిచి, కుట్టు పూర్తిచేసి, దారం తెంపింది.

"తెలుసు. మెడ మీద ఊపిరి తగిలేది" అంది. "ఏదో అంటున్నారని తెలుస్తూనే ఉండేది. ఇటు తిరిగితే వినాల్సొస్తుందని తిరగలేదు."

అతను ఏడవబోయాడు.

"ఏడవకండి. అది నేను చాలా చూశాను" అంది. "క్షమించానో లేదో నాకే తెలీదు. రేపు మళ్ళీ అడగండి."